అద్దాల మేడలు, రాతి నేల: హైదరాబాద్ కొత్త కట్టడాలను ఎక్కడి నుంచి చూడాలి

రాయదుర్గంలో స్టార్టప్ కంపెనీల కోసం కట్టిన టీ-హబ్‌ను దగ్గరికి వెళ్లి చూస్తే, కింది అంతస్తు ఉండాల్సిన చోట చాలా భాగం ఖాళీగా ఉంటుంది. భవనం బరువంతా నాలుగు స్తంభాల మీద నిలిచింది. వాటి మధ్య అంతస్తులు గాలిలో వేలాడుతున్నట్టు కనిపిస్తాయి. దక్షిణ కొరియాకు చెందిన స్పేస్ గ్రూప్ దీనికి రూపకల్పన చేసింది. 2022 జూన్ 28న ప్రారంభమైంది. విస్తీర్ణం దాదాపు 5.8 లక్షల చదరపు అడుగులు. మామూలు భవనంలో వరసగా నిలబెట్టిన పిల్లర్లు అడుగడుగునా బరువును నేలకు దించుతాయి. ఇక్కడ ఆ పని ఉక్కు చట్రాలది. దూరదూరంగా ఉన్న స్తంభాల మధ్య అవి అంతస్తులను మోస్తాయి. ఖర్చు ఎక్కువ, లెక్క కష్టం, కానీ ఫలితం చూసినవాళ్లు మరిచిపోరు. కొత్త హైదరాబాద్ గురించి ఎక్కడ రాసినా ఈ భవనం ఫొటో పడుతోంది.

ఆ భవనం చేయి తిరిగిన పని అనడంలో సందేహం లేదు. అయితే ఐటీ కారిడార్ మొత్తాన్ని కలిపి చూస్తే ఇంకో ప్రశ్న వస్తుంది. ఇన్ని పెద్ద కంపెనీలు, ఇంత డబ్బు, ఇంతమంది ఆర్కిటెక్టులు ఉన్నచోట భవనాలు ఒకదాన్నొకటి పోలి ఎందుకుంటున్నాయి? ఫ్లైఓవర్ మీద నుంచి చూస్తే అబ్బురపరిచే ప్రాంతం, కిందికి దిగి నడిస్తే ఎందుకంత నిరుత్సాహపరుస్తుంది? ఆర్కిటెక్టుల ప్రతిభలో దీనికి జవాబు దొరకదు. ఈ నగరంలో భవనం ఆకారాన్ని చాలావరకు మూడు విషయాలు ముందే తేల్చేస్తున్నాయి: ప్రభుత్వాల కోరిక, భూమి ధర, బిల్డింగ్ రూల్స్. ఆర్కిటెక్టు చేతికి మిగిలేది ఎలివేషన్, అంటే బయటికి కనిపించే ముఖం.

కోరిక కథ సైబర్ టవర్స్‌తో మొదలైంది. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి దాన్ని ప్రారంభించారు. చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి. నిర్మాణం ఎల్ అండ్ టీ చేసింది. అప్పటికి మాదాపూర్ అంటే బండరాళ్లు, పొదలు, అక్కడక్కడా పొలాలు. ఆ ఖాళీలో గుండ్రంగా, నాలుగు భాగాలుగా, మధ్యలో ఫౌంటెన్‌తో పది అంతస్తులు లేచాయి. ఆఫీసులకు జాగా ఇవ్వడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. ‘ఇక్కడ ఒక కొత్త ఊరు పుట్టింది’ అని బయటి ప్రపంచానికి చాటడం దాని అసలు పని. ఆ పని బ్రహ్మాండంగా చేసింది. పాతికేళ్లు దాటినా బస్టాపుకూ, కూడలికీ, షేర్ ఆటోకూ అదే గుర్తు. ఒక్క భవనం ఫొటోతో నగరానికి పేరు తెచ్చుకోవచ్చని ప్రభుత్వాలు అప్పుడు నేర్చుకున్నాయి, ఆ పాఠాన్ని ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ మరిచిపోలేదు.

ఇక రూల్స్. హైదరాబాద్ ఆకాశం ఇలా మారడానికి అసలు కారణం ఇక్కడే ఉంది, బయట దీని గురించి మాట్లాడుకునేది మాత్రం తక్కువ. ముంబై, బెంగళూరు, చెన్నై లాంటి నగరాల్లో ఎఫ్ఎస్ఐ అనే పరిమితి ఉంటుంది. ప్లాటు విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలి, అంతకు మించి కాదు. హైదరాబాద్‌లో 2006లో వచ్చిన జీవో 86తో ఆ పరిమితి పోయింది. 2012లో వచ్చిన జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. ఇక్కడ చూసేవి ముందున్న రోడ్డు వెడల్పు, భవనం ఎత్తు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, అంటే సెట్‌బ్యాక్. వీటికి సరిపోతే ఎంత విస్తీర్ణమైనా కట్టుకోవచ్చు. 18 మీటర్లు దాటితే హైరైజ్ కిందకి వస్తుంది. అక్కడ నాలుగు వైపులా 7 మీటర్ల సెట్‌బ్యాక్‌తో మొదలై, ఎత్తు 55 మీటర్లకు చేరేసరికి అది 16 మీటర్లవుతుంది. ఆ పైన ఎత్తు పెరిగినంత వేగంగా ఖాళీ పెరగనక్కర్లేదు.

ఈ చివరి వాక్యంలోనే కిటుకంతా ఉంది. అయిదెకరాల చదరపు ప్లాటు తీసుకుందాం. ఒక్కో వైపు సుమారు 142 మీటర్లు. చుట్టూ ఉదారంగా 25 మీటర్లు వదిలినా మధ్యలో 92 మీటర్ల చదరం మిగులుతుంది, అంటే ప్లాటులో 40 శాతానికి పైగా. దాని మీద 40 అంతస్తులు వేస్తే నేల విస్తీర్ణానికి 16 రెట్లకు మించి కట్టినట్టు. ఇది కాగితం మీది లెక్కే. గాలి, వెలుతురు, ఫైర్ నిబంధనలు, టవర్ల మధ్య దూరం చూసుకుంటే నిజంగా అంత రాదు. సగమే వచ్చినా సరే, ఎఫ్ఎస్ఐ ఉన్న నగరాల్లో బిల్డర్లు కలలో కూడా ఊహించలేని సంఖ్య అది. చిన్న ప్లాటుకు ఈ సౌకర్యం దక్కదు. సెట్‌బ్యాకులు పోగా దానిలో మిగిలేది సన్నటి ముక్క. అందుకే హైదరాబాద్‌లో పెద్ద ప్లాటు ఉన్నవాడు ఇంకా ఎత్తుకు వెళతాడు, చిన్న ప్లాటువాడు నాలుగైదు అంతస్తుల దగ్గర ఆగిపోతాడు. గచ్చిబౌలిలోనో కొండాపూర్‌లోనో నలభై అంతస్తుల టవర్ పక్కనే అయిదంతస్తుల హాస్టల్ కనిపించడానికి కారణం ఇదే.

భూమి ధర దీనికి తోడైంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఒక ప్లాటు ఎకరానికి 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. వంద కోట్లకు కొన్న ఎకరంలో నేలకు నాలుగు రెట్లు కడితే, ఒక్క భూమి ఖర్చే చదరపు అడుగుకు 5,700 రూపాయలు దాటుతుంది. పది రెట్లు కడితే 2,300 లోపుకు దిగుతుంది. ఇసుక, సిమెంటు, ఉక్కు, కూలి, వడ్డీ ఇంకా లెక్కలోకి రాలేదు. ఆ ధరకు కొన్నవాడు ఎత్తుకు పోక తప్పదు. కోకాపేటలోనే 57 అంతస్తులతో, దాదాపు 235 మీటర్ల ఎత్తున ఎస్ఏఎస్ క్రౌన్ లేచింది. దాన్ని ఎవరి గొప్పతనానికో గుర్తుగా చూసేకంటే, ఆ జీవోనూ ఈ ధరనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే బాగా అర్థమవుతుంది.

ఇంత ఎత్తు కట్టడానికి ఇక్కడి నేల కూడా సహకరించింది. దక్కన్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. చాలాచోట్ల కొన్ని అడుగులు తవ్వితే చాలు, గట్టి బండ తగులుతుంది. మెత్తటి మట్టి ఉన్న తీరప్రాంత నగరాల్లో పైల్స్ అనే పునాది స్తంభాలను లోతుగా దించాలి, ఇక్కడ ఆ బాధ తక్కువ. భూకంప ముప్పు కూడా తక్కువే. అంటే ఈ టవర్లను మోస్తున్నది ఆ రాయే. దాని సంగతి మళ్లీ వద్దాం.

ఇప్పుడు అద్దాల దగ్గరికి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో భవనాన్ని తల నుంచి పాదం దాకా అద్దంతో కప్పడానికి కారణాలు వ్యాపార కారణాలే. అల్యూమినియం చట్రంలో బిగించిన అద్దపు పలకలు ఫ్యాక్టరీలో తయారై వస్తాయి. క్రేన్‌తో ఎత్తి ఒకదాని పక్కన ఒకటి తగిలించుకుంటూ పోవడమే. సారువ కట్టడం, ప్లాస్టరింగ్ చేయడం, రోజూ నీళ్లు కొట్టి క్యూరింగ్ చేయడం, వీటన్నిటికీ పట్టే నెలలు మిగులుతాయి. గోడ మందం తగ్గినంత మేర అద్దెకిచ్చే జాగా పెరుగుతుంది. విదేశీ కంపెనీలకు తమ ఊళ్లో అలవాటైన రూపం దొరుకుతుంది. ఇన్ని లాభాలున్నప్పుడు ఏ డెవలపరైనా ఇటుక గోడ వైపు చూడకపోవడంలో వింత లేదు.

కానీ హైదరాబాద్ ఉన్నది 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ వేళ ఎండ దెబ్బంతా పైకప్పు మీద పడుతుంది. దక్షిణం గోడకు కాస్త సజ్జ ఉంటే చాలు, నీడ వచ్చేస్తుంది. అసలు సమస్య సాయంత్రం నాలుగింటికి. సూర్యుడు పడమట కిందికి జారి, గోడకు ఎదురుగా నిలబడి కొడతాడు. ఆ ఎండను ఏ సజ్జా ఆపలేదు. నిలువు పలకలో, చిల్లుల గోడలాంటి జాలీయో, చెట్టో అడ్డుండాలి, లేదా ఆ వైపు కిటికీలు తగ్గించాలి. మెట్లు, లిఫ్టులు, టాయిలెట్లు పడమటి వైపు పెట్టేసి ఆఫీసు గదులకు వాటినే గొడుగుగా వాడుకునే పద్ధతి ఉంది. పైసా అదనపు ఖర్చు లేదు, నక్షా గీసేటప్పుడే ఆలోచిస్తే సరి. నాలుగు వైపులా ఒకే అద్దం తొడిగిన భవనాన్ని చూస్తే చాలు, దాన్ని గీసినవాళ్లు ఎండ ఎటు నుంచి వస్తుందో పట్టించుకోలేదని తెలిసిపోతుంది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఇప్పటి అద్దం పాతకాలపు కిటికీ అద్దం కాదు. కంటికి కనిపించనంత పలుచటి లోహపు పూత ఉంటుంది, రెండు పలకల మధ్య గాలి పొర ఉంటుంది. వెలుతురును రానిచ్చి, వేడిలో చాలా భాగాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. తెలంగాణ ఇంధన పొదుపు నియమావళిని, అంటే ఈసీబీసీని, పెద్ద వాణిజ్య భవనాలకు తప్పనిసరి చేసింది. నియమావళి చెప్పిన లెక్కల ప్రకారమే నేరుగా వెళ్లే భవనంలో అద్దం గోడ విస్తీర్ణంలో 40 శాతం దాటకూడదు. అయితే మరో దారి కూడా ఉంది. కంప్యూటర్ నమూనాలో మొత్తం భవనం వాడే విద్యుత్తు పరిమితి లోపలే ఉందని చూపిస్తే అద్దం ఎంతైనా పెట్టుకోవచ్చు. మంచి చిల్లర్లు, అంటే ఏసీకి చల్లదనం అందించే యంత్రాలు, మంచి లైట్లు పెట్టి అద్దం చేసిన తప్పును సరిదిద్దుకోవడం అన్నమాట. బిల్లు తగ్గుతుంది, సర్టిఫికెట్ కూడా వస్తుంది. కానీ అద్దం తిప్పికొట్టిన వేడి, చిల్లర్ బయటికి తోసిన వేడి ఎక్కడికి పోతాయి? ఎదురు భవనానికీ, కింద బస్సు కోసం నిలబడ్డవాడికీ. భవనం లెక్కలో ఆ మనిషి లేడు.

ఇంతకంటే మంచి దారి లేదా అంటే, ఉంది. దాని కోసం విదేశాలకు పోనక్కర్లేదు. హైటెక్ సిటీకి కూతవేటు దూరంలో సీఐఐ-సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. కరణ్ గ్రోవర్ రూపకల్పన. 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలామ్ ప్రారంభించారు. పర్యావరణానికి మేలు చేసే భవనాలకిచ్చే లీడ్ గుర్తింపులో అన్నిటికంటే పై మెట్టు ప్లాటినం. అమెరికా బయట ఆ రేటింగ్ పొందిన తొలి భవనం ఇదే. విస్తీర్ణం ఇరవై వేల చదరపు అడుగులు, ఇప్పటి టవర్‌లో ఒక అంతస్తు కంటే చిన్నది కావచ్చు. గుండ్రటి భవనం, మధ్యలో ఆకాశానికి తెరిచిన ముంగిలి. గదులన్నిటికీ రెండు వైపుల నుంచీ వెలుతురు అందుతుంది, కాబట్టి పగటిపూట లైటు అవసరం తక్కువ. జాలీ గోడలు ఎండను చల్లి, ముక్కలు చేసి లోపలికి పంపుతాయి. కప్పు మీద పచ్చిక పరిచారు, ఎండ దెబ్బ ముందు మట్టికి తగులుతుంది, స్లాబు దాకా రాదు. రెండు గాలి గోపురాలు బయటి గాలిని పట్టి, తడిపి, చల్లబరిచి ఏసీకి అందిస్తాయి. ఏసీ అక్కడా ఉంది. తేడా ఏమిటంటే 40 డిగ్రీల గాలితో కుస్తీ పట్టాల్సిన పని దానికి లేదు. వాడిన నీరు శుద్ధై తోటకే పోతుంది. ఇందులో ఒక్కటీ కొత్తగా కనిపెట్టినది కాదు. జాలీ గోల్కొండ కాలం నుంచీ ఇక్కడ ఉన్నదే, ముంగిలి పాతబస్తీలోని ఏ దేవిడీలో, అంటే పాతకాలపు పెద్ద భవంతిలో, చూసినా కనపడేదే.

అంతకంటే వెనక, 1960లలోనే ఆర్కిటెక్టు చార్లెస్ కొరియా ఇక్కడ ఈసీఐఎల్ కార్యాలయ సముదాయాన్ని నీడ సూత్రం మీద రూపొందించారు. డాబా మీద పర్గోలా, అంటే నీడనిచ్చే పట్టీల పందిరి, పరిచి ఎండను అక్కడే నిలువరించాలన్నది ఆలోచన. అంటే నలభై ఏళ్ల తేడాతో రెండుసార్లు ఈ నగరం తన వాతావరణానికి సరిపడే ఆధునిక భవనాన్ని కట్టి చూపించింది. రెండుసార్లూ ఆ దారిలో ముందుకు పోలేదు. ప్లాటినం పలక మాత్రం అందరూ తగిలించుకున్నారు. ఈ విషయం తలచుకుంటే బాధ కలుగుతుంది.

ప్రభుత్వం కట్టుకున్న భవనాల్లో ధోరణి ఇంకోలా ఉంది. 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన అంబేడ్కర్ సచివాలయం 265 అడుగుల ఎత్తు, తెల్లటి గుమ్మటాలతో వెనక్కి, రాజసం వైపు చూస్తుంది. చెన్నైకి చెందిన ఆస్కార్, పొన్ని కన్సెసావో దంపతులు దాని ఆర్కిటెక్టులు. దాని కోసం పాత సచివాలయంతో పాటు 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్‌ను కూడా 2020లో పడగొట్టారు. పాత కాలపు ఛాయలతో కొత్త భవనం కట్టడానికి నిజమైన పాత భవనాన్ని కూల్చడం ఎంత మాత్రం సమర్థించలేని పని. దాని ఎదుటే 2023 జూన్ 22న ప్రారంభమైన అమరవీరుల స్మారకం ఆ రెండిట్లో ధైర్యమైనది. ప్రమిద ఆకారం, అతుకులు కనపడని స్టెయిన్‌లెస్ స్టీల్ ఒళ్లు. దగ్గరికి పోతే ఆకాశం, చెట్లు, పోయే కార్లు దాని మీద వంగి సాగి కనిపిస్తాయి. సందేశం ఒక్కటే కాబట్టి ఆ ఆకారం నప్పింది. అదే పద్ధతిని ఆఫీసుకు వర్తింపజేస్తే ఏమవుతుందో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పక్కన జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు చూపించింది. చేప రూపంలో ఉన్న ఆ భవనం పిల్లలకు చాలా ఇష్టం, ఎయిర్‌పోర్టుకు పోయేవాళ్లందరికీ గుర్తు. అది చాలు దానికి.

భవనాల మధ్యనున్న ఖాళీ గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తి కాదు. సెట్‌బ్యాక్ రూలు వల్ల ప్రతి టవరూ తన ప్లాటు మధ్యలో ఒంటరిగా నిలబడుతుంది. చుట్టూ వదిలిన జాగాలో ఫైరింజన్ తిరిగే దారి, కార్లు సెల్లార్‌లోకి దిగే ర్యాంపు, జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్. దాని చుట్టూ ప్రహరీ, గేటు, సెక్యూరిటీ క్యాబిన్. ఫుట్‌పాత్ మీద నడిచేవాడికి అర కిలోమీటరు పొడవునా తగిలేది గోడే. నీడ లేదు, అంగడి లేదు, కూర్చోడానికి గట్టు లేదు. చాయ్ కావాలంటే గేటు అవతల రోడ్డు వారన పెట్టిన బండి దగ్గరికి పోవాలి. ఎయిర్ కండిషన్డ్ ఆఫీసుల్లోంచి వేలమంది మధ్యాహ్నం ఆ బండ్ల దగ్గరికే దిగొస్తారు. ఆ బండి ఉండకూడదన్నట్టు కట్టిన వీధిలో, వీధికి ప్రాణం పోస్తున్నది ఆ బండే.

ఇదే నగరంలో పత్తర్‌గట్టి ఉంది. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పాతబస్తీలో కొత్త రోడ్లు, మార్కెట్లు కట్టించింది. మదీనా దగ్గర నుంచి చార్మినార్ వైపు సాగే రాతి కమానుల వరస ఆ పనే. ముందు కమాను, దాని వెనక నడవా, ఆ లోపల దుకాణం. వానొచ్చినా ఎండొచ్చినా మనిషి కమాను కింద నడుచుకుంటూ దుకాణాలు చూస్తూ పోవచ్చు. ఒక్కో దుకాణం విడిగా చూస్తే మామూలుదే, అన్నీ కలిసి ఒక గొప్ప వీధి. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌కూ అదే గుణం. ఇప్పటి రూల్స్ కింద పత్తర్‌గట్టిని కట్టడానికి అనుమతి రాదు, ఎందుకంటే అక్కడ భవనాలు రోడ్డును ఆనుకుని, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

కొత్త హైదరాబాద్‌లో జనం మనసారా తమదనుకున్న కట్టడం ఏదంటే, ఏ టవరూ కాదు, దుర్గం చెరువు కేబుల్ వంతెన. 2020 సెప్టెంబర్ 25న ప్రారంభమైంది. రెండు స్తంభాల మధ్య దూరం 233.85 మీటర్లు. ట్రాఫిక్ కోసం కట్టిన వంతెన, కానీ మొదటి వారం నుంచే కుటుంబాలు, స్నేహితులు, పుట్టినరోజు కేకులు పట్టుకున్న కుర్రాళ్లు సాయంత్రాలు అక్కడికి చేరారు. కింద నీళ్లు, రెండు వైపులా రాతి గుట్టలు, గాలి. లోపలికి పోవడానికి ఐడీ కార్డు అడిగేవాళ్లు లేరు. వంతెన ఇంజినీరింగ్ బాగుంది, నిజమే. కానీ జనాన్ని రప్పించింది మాత్రం అక్కడ ఊరికే నిలబడగలగడం.

ఆ రాతి గుట్టలు కూడా ఎంతకాలం ఉంటాయన్నది వేరే ప్రశ్న. టవర్‌కు నాలుగైదు సెల్లార్లు కావాలి, సెల్లార్‌కు బండను పేల్చాలి. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ ఆ బండలను గాలీ వానా కోట్ల ఏళ్లు చెక్కాయి, డ్రిల్లు పెట్టినవాడికి కొన్ని రోజులు చాలు. దుర్గం చెరువు గుట్టలు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని మష్రూమ్ రాక్ లాంటి తొమ్మిది శిలా స్థలాలు నగర వారసత్వ జాబితాకెక్కాయంటే, 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ లాంటి సంస్థలు పట్టుబట్టి అడిగిన దానికి అందులో పెద్ద పాత్ర ఉంది. జాబితాలో లేని రాయికి మాత్రం ఏ రక్షణా లేదు. జూబ్లీహిల్స్‌లో కొన్ని పాత ఇళ్లు బండను అలాగే వదిలి, దాని చుట్టూ గోడ తిప్పి కట్టుకున్నాయి. గదిలోకి చొచ్చుకొచ్చిన బండను చల్లటి గోడగా వాడుకున్నాయి. టవర్ స్థాయిలో అది అసాధ్యమేమీ కాదు. పెద్ద ప్లాటులో పది శాతం ఎలాగూ ఖాళీగా వదలాలి. ఆ పది శాతం రాయి ఉన్నచోట చూపిస్తే రాయి బతుకుతుంది. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, బండను పేల్చి చదును చేసి, దాని మీద మట్టి పోసి, లాన్ వేసి, లారీల్లో అలంకారపు రాళ్లు తెచ్చి పెడుతున్నారు.

ఇవన్నీ మార్చడానికి ప్రభుత్వం చేతిలో పెద్ద పరికరమే ఉంది. కోకాపేటలో గానీ, బుద్వేల్‌లో గానీ భూమి అమ్మింది హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ), లేఅవుట్ గీసింది హెచ్ఎండీఏ. అమ్మేవాడికి షరతు పెట్టే హక్కు ఉంటుంది. వేలం పత్రంలోనే మూడు నాలుగు మాటలు రాయొచ్చు. రోడ్డు వైపు కింది అంతస్తును ప్రహరీ లేకుండా, నీడ నడవాతో కట్టాలి, ఆ నడవాకు సెట్‌బ్యాక్ నుంచి మినహాయింపు ఉంటుంది. పడమటి ముఖంలో అద్దం ఇంత శాతానికి మించకూడదు, ఏ కంప్యూటర్ లెక్క చూపినా సరే. సర్వేలో గుర్తించిన బండలను కదల్చకూడదు, ఖాళీ స్థలం అక్కడే చూపాలి. ఎకరానికి వంద కోట్లు పెట్టగలిగినవాడికి ఈ షరతులు భారం కావు. వేలంలో ధర కాస్త తగ్గవచ్చు. ఎంత తగ్గితే ఎంత నీడ వస్తుందన్నది లెక్కేసి జనం ముందు పెట్టాల్సిన బాధ్యత హెచ్ఎండీఏదే, అదీ తర్వాతి లేఅవుట్ ప్రకటన వెలువడకముందే.